నాయన డబ్బాకు చెప్పిన ఎత్తులు

మా తమ్ముడి కూతురు చిత్ర సెలవులకని బెంగళూరు నుంచి వచ్చింది. అది వచ్చిన రోజు నుంచి మా నాయన నాకు దొరకడం మానేశాడు. పొద్దున కాఫీ తాగడం ఆలస్యం, ఆ పిల్ల ల్యాప్‌టాప్ పెట్టుకున్న బల్ల పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చుంటాడు. మాత్రలు వేసుకో నాయనా అని నేను వంటింట్లోంచి గొంతు చించుకున్నా వినపడని చెవులు, ఆ పిల్ల పెదవి కదిపితే చాలు, వినపడతాయి. ఎనభై దగ్గరపడుతున్న మనిషి. అమ్మ పోయినాక మా ఇంట్లోనే, బుక్కరాయసముద్రంలో, నాతోనే ఉంటున్నాడు. నాతో మాట్లాడేవన్నీ కలిపితే నీళ్ళొచ్చినాయా, కరెంటొచ్చిందా, ఈ పొద్దు సంగటి చేస్తాండావా అన్నవే. దానితో మాత్రం పూటకు పూట మాటలే.

ఏం మాటలంటే చదరంగం మాటలు. చిత్ర కాలేజీ తరఫున పోటీలకు పోతుంది. దాని ల్యాప్‌టాప్‌లో చదరంగం ఆడే ప్రోగ్రాం ఉంది. ఆట మొదట్లో ఏ ఎత్తుకు ఏ ఎత్తు వెయ్యాలో ఆ ప్రోగ్రాంకు మనమే ముందుగా రాసిపెట్టవచ్చు. దాన్ని ఓపెనింగ్ బుక్ అంటారు. పేరుకు పుస్తకమే గానీ అట్టా ఉండదు, కాగితాలూ ఉండవు, ఒక ఫైలు, అంతే. ఆట ఆ ఫైలులో ఉన్న దారిలో నడిచినంతసేపు యంత్రం ఆలోచించదు, మనం చెప్పింది చెప్పినట్టు ఆడుతుంది. ఆ దారి అయిపోతే సొంత బుర్రతో ఆడటం మొదలుపెడుతుంది. ఒకే చోట రెండు మూడు ఎత్తులు రాసి, ఇది ఎక్కువసార్లు ఆడు, అది ఎప్పుడో ఒకసారి ఆడు, ఇంకొకటి అసలు ముట్టుకోకు అని పాళ్ళు కూడా పెట్టవచ్చు. ఇదంతా చిత్ర నాకు విడమరిచి చెప్పబోయింది. "తెలుసులేవే" అన్నాను. అది పుట్టకముందే ఈ పనిలో నా వేళ్ళు అరిగిపోయాయని దానికి తెలియదు.

"తాతా, నల్లోళ్ళు గుర్రం బయటికి తెస్తే?" అని అడుగుతుంది.

"తెచ్చుకోనీ. నువ్వు ఆ మూల బంటును ఒగ గడి జరుపు. తొందరపడొద్దు తల్లీ, నిదానంగా రాసుకో."

"దీనికెంత పెట్టమంటావు? నూటికి నూరా?"

"నూరే పెట్టు. ఇంగోటి ఆడనే గూడదు."

ఆ 'తొందరపడొద్దు తల్లీ' దగ్గర, కూరగాయలు తరుగుతున్న నేను కత్తిపీట మీదనుంచి లేచి నిలబడ్డాను. కుళ్ళు. ఇంకో మాట లేదు దానికి. యాభై దాటిన దాన్ని, మోకాళ్ళకు నూనె రాసుకుంటే తప్ప మెట్లెక్కలేని దాన్ని, కన్నబిడ్డ లాంటి మేనకోడలి మీద కుళ్ళేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఉన్నదాన్ని లేదనలేను. అయినా ఇది కొత్త కుళ్ళు కాదు, పాతదే మళ్ళీ లేచింది. మొదటిసారి నాకు ఇది పుట్టింది మనిషి మీద కూడా కాదు, ఒక డబ్బా మీద.

అప్పుడు మేము అనంతపురం పాతూరులో ఉండేవాళ్ళం. మా ఇంటి ముందుగదే నాయన నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్. గోడ వెంబడి టైపు మిషన్లు, వాటి మీద నల్ల రెక్సిను తొడుగులు, తలుపు తీయగానే రిబ్బను సిరా, మిషన్ నూనె, కార్బన్ కాగితం కలిసిన వాసన. లోపలి గదిలోంచి అమ్మ వేయించే శెనక్కాయల వాసన వచ్చి దానితో కలిసేది. అమ్మది బెళుగుప్ప. వానలు పడిన ఏడు అక్కడినుంచి మూటలు మూటలుగా కాయలు వచ్చి ముందుగది మూలన ఎత్తుగా నిలబడేవి. పడని ఏడు ఆ మూల ఖాళీ. టైపుకొచ్చే పిల్లల్లో ఎవరి జేబులోంచి పొట్టు రాలుతుందో చూసి, ఈ ఏడు పంట ఎట్లుందో చెప్పవచ్చని అమ్మ అనేది. నాయన చేతిలో స్కేలు పట్టుకుని పిల్లల వెనక తిరిగేవాడు. వీపు వంచినవాడి వీపు మీద స్కేలు ఆనించేవాడు, కొట్టేవాడు కాదు. నన్నూ ఆ బెంచీ మీదే కూర్చోబెట్టి లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాస్ చేయించాడు. నాయన నాకు దగ్గరుండి నేర్పిన విద్య అదొక్కటే. అందులోనూ నేను అందరితో పాటు ఒక వీపునే.

సాయంత్రం క్లాసులు అయిపోగానే నాయన చొక్కా మార్చుకుని ఎదురుగా ఉన్న సైకిల్ షాపుకు పోయేవాడు. ఆ షాపు మస్తాన్ మామది. షాపు ముందు బల్ల మీద గళ్ళ పలక ఒకటి ఎప్పుడూ పరిచే ఉండేది. పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు సైకిలు సంగతి మరిచిపోయి ఆట చూస్తూ నిలబడేవాళ్ళు. వాళ్ళు ఆడేది ఇప్పుడు చిత్ర ఆడే ఆట కాదు. మా పక్క ఆట. అందులో బంటు ఎప్పుడైనా ఒక్క గడే నడుస్తుంది. రాజు ఆటలో ఒకసారి గుర్రంలా దూకవచ్చు. అన్నిటికంటే నాకు నచ్చింది మొదలు. నువ్వొకటి నేనొకటి అని ఉండదు. ముందు ఒకరు తన సగంలో, నడిగీత దాటకుండా, ఎన్ని ఎత్తులు కావాలంటే అన్ని వరసగా వేసుకుని తన సేనను తీర్చుకుంటారు. రెండోవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలి. అయిపోయిందని చెప్పేదాకా నోరు మెదపకూడదు. తర్వాత రెండోవాళ్ళ వంతు. అది కూడా అయినాక అసలు యుద్ధం.

నాయన దాదాపు రోజూ ఓడిపోయి వచ్చేవాడు. ఓడిన రోజు అన్నంలోకి మజ్జిగ ఎక్కువ పోయించుకునేవాడు, అది గుర్తు. "నాకు మొదలు కుదరడంల్యా. మొదలు సరిగ్గా కుదిరితే ఆ మస్తాను నా ముందర నిలబడల్యాడు" అని అమ్మతో అనేవాడు. ఆయన నమ్మకం అది. యుద్ధంలో కాదు, తీర్చుకోవడంలోనే ఓడిపోతున్నానని. నేను షాపు అరుగు మీద కూర్చుని చూసి చూసి ఏ పావు ఎట్లా నడుస్తుందో నేర్చుకున్నాను గానీ, నాతో ఎవరు ఆడతారు? ఒకసారి నాయననే అడిగాను. "ఆడపిల్లకెందుకు" అని ఉంటే పోట్లాడేదాన్నేమో. అట్లా అనలేదు. నవ్వి, "నీతో ఆడి గెలిస్తే నువ్వు ఏడుస్తావు, ఓడితే నేను ఏడుస్తా. ఎందుకొచ్చిన రచ్చ" అని చెప్పులేసుకుని షాపుకు వెళ్ళిపోయాడు. అప్పటినుంచి అడగడం మానేశాను, కోరడం మానలేదు.

అట్లాంటి రోజుల్లో ఊళ్ళో కంప్యూటర్ సెంటర్లు వచ్చాయి. టైపుకు వచ్చే పిల్లలు తగ్గిపోయారు. నాయన కొన్నాళ్ళు వాటిని తిట్టి, చివరికి ఆయనే బెంగళూరు పోయి ఒక కంప్యూటర్ కొనుక్కుని బస్సులో తెచ్చాడు. దారి పొడుగునా దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాడట. మేము పుట్టినప్పుడు మమ్మల్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది మా మేనమామ. ఈ మాట అమ్మ అన్నది, నేను కల్పించలేదు.

డబ్బా వచ్చినాక ఇంట్లో మర్యాదలన్నీ దానికే. మా ఊరి ఎండాకాలం సంగతి కొత్తగా చెప్పేదేముంది. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దాని వైపు తిరిగింది. మేము తడిపిన దుప్పటి కప్పుకుని పడుకున్నాం. ఆషాఢం గాలికి దుమ్ము పడుతుందని ముందుగది కిటికీలకూ వాకిలికీ తడిగుడ్డలు కట్టించాడు. ఆ గదిలోకి చెప్పులతో పోకూడదు, తడి చేత్తో పోకూడదు, తుమ్మకూడదు. నాకు ఓణీ కుట్టించాలని అమ్మ దాచిన నీలంరంగు గుడ్డ ఉండేది, మెత్తగా, అంచు మీద సన్నటి గీతతో. ఒకరోజు బడినుంచి వచ్చేసరికి అది డబ్బాకు ముసుగై కూర్చుంది. "దానికి ఇంత సంగటి ముద్ద గూడా పెట్టు, ఆకలైతాండాదేమో" అని అమ్మ నాయనను దెప్పింది. నాయన వినపడనట్టు ముసుగు అంచులు సర్దాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఓణీ కోసం కాదని అమ్మకు తెలుసు.

ఆ డబ్బాతో పాటు వచ్చిన ఫ్లాపీల్లో ఒకదాంట్లో చదరంగం ఉంది. దానికి మనమే మొదలు ఎత్తులు చెప్పవచ్చని నాయన ఎక్కడో తెలుసుకుని వచ్చాడు. ఆ రోజు ఆయన ముఖం నేను మరిచిపోలేను. మొదలు తను చెబుతాడు, మిగతాది డబ్బా చూసుకుంటుంది, ఇద్దరూ కలిసి మస్తాన్ మామను ఓడిస్తారు. ఇంతకంటే ఏం కావాలి? నన్ను పిలిచాడు. నాకు నేర్పడానికి కాదు, టైపు కొట్టడానికి. ఆయనకు వేళ్ళ కంటే నోరు బాగా నడుస్తుంది.

మొదటిరోజు పొరపాటు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నాయన కళ్ళు మూసుకుని, మా ఆట పద్ధతిలోనే, తెల్ల సేనను తీర్చే ఎత్తులన్నీ వరసగా చెప్పాడు. ఈ బంటు ఒక గడి, ఆ బంటు ఒక గడి, గుర్రం ఇటు, ఒంటె అటు. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టాను. ఫైలును డబ్బాకు అప్పజెప్పగానే అది కీచుమని అరిచింది. చెల్లని ఎత్తు అని తెర మీద పడింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అరిచింది. దాని లెక్కలో మొదటి ఎత్తు తెల్లవాళ్ళది, రెండోది నల్లవాళ్ళది. నాయన రెండో ఎత్తుగా చెప్పిన తెల్ల బంటును నల్లవాళ్ళు ఎట్లా జరుపుతారని దాని బాధ. మా ఊళ్ళో చేతులు కట్టుకుని చూసే మర్యాద దానికి తెలియదు.

"ఏమప్పా, ఒద్దంటాండావా?" అన్నాడు నాయన. నాతో కాదు, డబ్బాతో. కోప్పడతాడేమో అనుకున్నాను. ఎక్కడ? మురిసిపోయాడు. "తెలివైంది పాపా. తప్పును అట్లే పట్టేసె చూడు" అన్నాడు. అంతకు ముందువారమే ఆయన టైపు చేసిన దరఖాస్తులో నేను తప్పు పట్టుకుంటే, పెద్దోళ్ళకు చెప్పేంత దానివైనావా అని నెత్తిన మొట్టాడు. ఆ మొట్టికాయ ఇంకా తగ్గకముందే, అదే పని చేసిన డబ్బాకు మెప్పు.

అమ్మ మాటకు లొంగలేదు, మస్తాన్ మామ వెక్కిరింపులకు లొంగలేదు, డబ్బాకు లొంగిపోయాడు. లైబ్రరీ నుంచి ఇంగ్లీషు చదరంగం పుస్తకం తెచ్చి, ఒక పలక కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, కొత్త ఆట మొదటినుంచి నేర్చుకున్నాడు. బంటు మొదటిసారి రెండు గళ్ళు దూకవచ్చని ఒప్పుకోవడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది. ఒప్పుకున్నాక మా ఆటంటేనే చిన్నచూపు వచ్చేసింది. పెద్ద పెద్ద ఆటగాళ్ళు ఏ ఎత్తుకు ఏ జవాబు చెబుతారో ఆ పుస్తకంలోంచి చదివి, వాటికి తన ఆలోచనలు కలిపి, రోజూ సాయంత్రం నాతో కొట్టించేవాడు. మాటిమాటికీ కరెంటు పోయేది. ఫైలును దాచకముందే పోతే ఆ పూట కొట్టిందంతా గంగపాలు. మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు, విసుక్కోకుండా. "ఇది మంచిదే గానీ అప్పుడప్పుడే ఆడల్ల, సరేనా? తొందరపడొద్దప్పా, నిదానంగా నేర్చుకో" అని తెరకేసి చూస్తూ చెప్పేవాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అంత మెత్తటి గొంతు ఆయన దగ్గర ఉందని కూడా నాకు తెలియదు. నేను పక్కనే, మోచేయి తగిలేంత దగ్గరలో ఉన్నాను. ఆ మాటలు నా వేళ్ళలోంచే పోతున్నాయి. నావి కావు.

ఒకరోజు ముసుగు కప్పుతూ అడిగేశాను. "నాయనా, నాకెప్పుడు నేర్పుతావు?"

ఆయన కాసేపు నన్ను చూశాడు. కొత్తగా చూసినట్టు. "ఇది మస్తానును ఓడగొట్టనీ పాపా. ఆ పొద్దునుంచి ఇంగ నీకే" అన్నాడు.

ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. కుళ్ళుకుంటూనే ఆ డబ్బా గెలవాలని కోరుకున్నాను. బడినుంచి పరిగెత్తుకుని వచ్చేదాన్ని. నాయన చెప్పని జవాబులు కూడా నేనే గుర్తుచేసేదాన్ని. ఒకసారి అడిగాను, "మస్తాన్ మామ ఎప్పుడూ ముందు మూల బంటును ఒక గడి జరుపుతాడు గదా, దానికేం రాయల్ల?" అని. నాయన నవ్వాడు. "అది మన పల్లె ఆటలో పాపా. ఈ ఆటలో అట్ల ఆడితే ఓడిపోతారు. ఆయప్ప అంత పిచ్చోడు గాదు. అంత పనికిమాలిన ఎత్తు మన పుస్తకంలో ఎందుకు?" అన్నాడు.

ఆట ఒక ఆదివారం పెట్టారు. టైపు మిషన్లు గోడకు నెట్టి, బెంచీలు వేశారు. అమ్మ బొరుగుల్లోకి ఉల్లిపాయలు తరిగి, బజ్జీలు వేసింది. సైకిల్ షాపు జనమంతా మా ముందుగదిలో. అందరూ చెప్పులు విప్పి రావడం, తడిగుడ్డలు తగిలి తల తడుపుకోవడం, ఒకటే గోల. మస్తాన్ మామ చేతికి అంటిన గ్రీజు శుభ్రంగా కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"నువ్వొగటి నేనొగటేనంట గదా. డబ్బా కోసరం మన ఆటనే మార్చుకోవల్లనా?" అన్నాడు.

"దానికి మన ఆట రాదు మామా" అన్నాను.

"అట్లయితే అదింగా చిన్నపిల్ల గదా పాపం. కానీలే" అన్నాడు.

తెల్లపావులు డబ్బావి. అది ఆడినప్పుడల్లా తెర మీద చూసి పలక మీద నేను కదపాలి, మామ ఆడింది డబ్బాకు కొట్టాలి. తెర మూలన బుక్ అని చిన్న అక్షరాలు వెలుగుతుంటాయి. ఆడుతున్నది మనం చెప్పిన ఎత్తు అయినంతసేపు అవి ఉంటాయి. డబ్బా నాయన చెప్పినట్టే రాజు ముందరి బంటును రెండు గళ్ళు దూకించింది. నాయన గర్వంగా జనాన్ని చూశాడు. మస్తాన్ మామ బజ్జీ నములుతూ, ఇన్నేళ్ళుగా రోజూ చేసినట్టే, మూల బంటును ఒక గడి జరిపాడు. నేను కొట్టాను. తెర మూలన అక్షరాలు ఆరిపోయాయి.

నాయనా నేనూ మాత్రమే దాన్ని చూశాం. మిగతావాళ్ళకు అదేమిటో తెలియదు. ఆ తర్వాత డబ్బా తనకు తానే ఆలోచించుకుని ఆడింది. నింపాదిగా ఆడింది. మామ గుర్రాలను రెంటినీ తినేసింది, మంత్రిని మూలకు తోసింది, చివరికి రాజును కట్టేసింది. జనం ఈలలు వేశారు. ఎవరో నాయనను భుజాల మీదికి ఎత్తుకోబోయారు. నాయన విడిపించుకున్నాడు. అన్ని నెలల సాయంత్రాలు చెప్పిన మొదళ్ళలో డబ్బా ఆడింది ఒకే ఒక్క ఎత్తు. గెలవడానికి దానికి మిగతావేవీ అక్కర్లేకపోయాయి.

మస్తాన్ మామ లేచి చొక్కా దులుపుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఉన్నమాట అనేవాడు. "బాగ ఆడిందన్నా నీ డబ్బా. నీ మాదిరి అయితే ఆడల్యా" అని వెళ్ళిపోయాడు. నాయన డబ్బాను ఆపి, నీలం ముసుగు కప్పాడు. అంచులు సర్దలేదు. నా కడుపు చల్లబడింది. ఎంత చల్లబడిందో చెబితే నమ్మరు. దానికి నువ్వు అక్కర్లేదు నాయనా, నాకు కావాలి, ఇప్పటికైనా తెలిసిందా అని లోపల గంతులు వేశాను. మరునాడు సాయంత్రం తలంటుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, పలక పరిచి, పావులన్నీ నిలబెట్టి మంచం మీద కూర్చున్నాను. మాట ప్రకారం ఆ పొద్దునుంచి ఇంక నాకే గదా.

నాయన చొక్కా మార్చుకుని, నన్నూ పలకనూ చూసి, చూడనట్టు సైకిల్ షాపుకు పోయాడు. అక్కడ కూడా ఆడలేదు. మామతో కబుర్లు చెప్పి వచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో చదరంగం మాట రాలేదు. డబ్బా మీద పిల్లలు అక్షరాలు నేర్చుకుని ఉద్యోగాలకు పోయారు. నేనూ స్టెనోగా చేరాను, పెళ్ళయింది, కథలు రాసుకున్నాను. నాకు మొదళ్ళన్నీ కంఠతా వచ్చు. ఏ ఎత్తుకు ఏ జవాబో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ తర్వాత ఎట్లా ఆడాలో మాత్రం రాదు. ఒక్కసారి కూడా, ఎవరితోనూ, ఒక ఆట పూర్తిగా ఆడలేదు.

ఇప్పుడు చూడండి. ఇప్పటి యంత్రాలు ప్రపంచంలో ఏ మనిషినైనా ఓడిస్తాయట. వాటికి మన పుస్తకం అసలే అక్కర్లేదు. అందుకే చిత్రకు తాత కావలసి వచ్చాడు. "అందరూ అవే చెస్ ఇంజన్లు చూసి, అవే ఎత్తులు బట్టీపట్టి వస్తారత్తా. తాత చెప్పేవి ఎవరూ చూసుండరు. నా ఇంజన్‌తో అవే ఆడించి ప్రాక్టీస్ చేసుకుంటా" అని చెప్పింది. మూల బంటు ఒక గడి. నూటికి నూరు. అప్పుడు పనికిమాలిన ఎత్తు, ఇప్పుడు అమృతమైంది. డబ్బాకు ఓణీ గుడ్డ కప్పే కాలం పోయి ఏసీ గది వచ్చింది, కరెంటు పోయినా బ్యాటరీ ఉంది, దుమ్ముకు భయం లేదు. నాయన పక్కన ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది, ఆ మెత్తటి గొంతు దానితోనే మాట్లాడుతోంది. అన్నీ నేను అప్పుడు కోరుకున్నట్టే ఉన్నాయి. ఆ ఆడపిల్ల నేను కాదు, అంతే తేడా.

నిన్న సాయంత్రం చిత్ర ఫోన్ మాట్లాడుకోవడానికి మేడ మీదికి పోయింది. నాయన వరండాలో ఒక్కడే ఉన్నాడు. ఇక ఉండబట్టలేకపోయాను. చేతిలో చాట పట్టుకునే పోయి నిలబడ్డాను.

"డబ్బా గెలిస్తే నాకు నేర్పుతానంటివే నాయనా. గెలిచింది గదా. ఏమాయె?"

ఏ డబ్బా అని అడగలేదు. ఆయనకూ అది నిన్నటి సంగతే.

"నేను చెప్పింది ఒగటన్నా సరిగ్గా ఆడిందా అది?" అన్నాడు. "బిడ్డకు చెప్పినట్టు చెప్పినానే. ఒగే ఎత్తు ఆడి, ఇంగ నీతో పనిల్యా, పో అనె. నాకు కడుపు మండిపాయె పాపా. నా మొదళ్ళు దేనికీ పనికిరావని తేలిపాయె. పనికిరానివి నీకేం నేర్పేది?"

"ఆ పిల్లకు చెప్తాండావే మరి?"

"దానికి చెప్పేవి నావి గాదు. మస్తానువి. ఆయప్ప పోయినాక అవి తెలిసినోన్ని నేనొక్కన్నే గదా. నీకు చెప్పల్లంటే నావి చెప్పల్ల."

నేను చాట కింద పెట్టి కూర్చున్నాను. "అంటే నీకు డబ్బా మీద కుళ్ళా?"

"కుళ్ళే" అన్నాడు ముక్కుసూటిగా. "ఇప్పటికీ దాని మొగం చూడబుద్ధి కాదు. నువ్వన్నా అడగల్యా ఆ పొద్దు."

"అడిగే మొగమా నీది?"

నాయన నవ్వాడు. పళ్ళు లేని నవ్వు. ఈ గుణం నాకు ఎవరినుంచి వచ్చిందో ఇన్నాళ్ళూ అమ్మ వైపు వెతుక్కున్నాను. "సరే, నేర్పు ఇప్పుడు. ఓడిపోయే మొదళ్ళే నేర్పు" అన్నాను. మస్తాన్ మామ కొడుకు షాపు ఎత్తేసినప్పుడు తెచ్చిచ్చిన పలక బీరువా మీదనుంచి దించాను. గళ్ళ మీద గ్రీజు మరకలు అట్లాగే ఉన్నాయి. పావులు నిలబెడుతూ నాయన అడిగాడు.

"డబ్బా ఆటనా, మన ఆటనా?"

"మన ఆటే."

తెల్లపావులు నా వైపు తిప్పాడు. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకున్నాడు. "ఏసుకో. నీ సగంలో ఎన్నన్నా ఏసుకో. తొందరపడొద్దు తల్లీ. నేను చూస్తాంటా" అన్నాడు.

ఒక బంటు జరిపాను. ఇంకొకటి. గుర్రాన్ని తెచ్చి, నచ్చక, వెనక్కి పెట్టి, మళ్ళీ తెచ్చాను. నాయన కళ్ళు నా చేతి వెంటే తిరుగుతున్నాయి. అంతలో చిత్ర దిగి వచ్చింది. "తాతా, బుక్ ఇంకా అయిపోలేదు, నాలుగు లైన్లు మిగిలినాయి. రా" అని లోపలినుంచి కేకేసింది.

"ఉండమ్మే" అన్నాడు నాయన, నా చేతిమీదనుంచి చూపు తిప్పకుండా. "పాప ఇంగా ఏసుకుంటాండాది."

నడిగీత దాకా నాకు ఇంకా చాలా చోటుంది. మూల బంటును పట్టుకుని, ఒక గడి జరిపి, వెంటనే వదలకుండా అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.